కరుణను సాధన చేయడం ఎలా?

కరుణ అనగానే ఎవరి కష్టమో చూసి కళ్లనీళ్లు పెట్టుకోవడం అనుకుంటాం. బౌద్ధంలో లెక్క వేరు. ఎదుటివాళ్ల బాధ తీరాలని బలంగా కోరుకోవడమే కరుణ. వాళ్లతోపాటు మనమూ కుంగిపోతే అది దుఃఖం. 5వ శతాబ్దంలో శ్రీలంకలో 'విశుద్ధిమగ్గ' అనే సాధన గ్రంథం రాసిన బౌద్ధ భిక్షువు బుద్ధఘోషుడు ఈ దుఃఖాన్ని కరుణకు 'దగ్గరి శత్రువు' అన్నాడు. దూరపు శత్రువు క్రూరత్వం. దాన్ని ఎవరైనా గుర్తుపడతారు. కరుణలాగే కనిపించి మోసం చేసేది దగ్గరిదే.

మొదట కూర్చోండి. పద్మాసనమే వేయక్కర్లేదు, కుర్చీ అయినా సరే, నడుము నిటారుగా ఉంటే చాలు. రెండు మూడు నిమిషాలు ఊపిరిని గమనించండి. కొత్తలో మొత్తం 10 నిమిషాలకు మించి వద్దు.

తర్వాత మైత్రి, అంటే మేలు కోరడం. పాళీలో దీన్ని 'మెత్తా' అంటారు. 'నేను సుఖంగా ఉండాలి, నా మనసులో పగ ఉండకూడదు' అని నెమ్మదిగా అనుకోండి. ముందు మన గురించే అనుకోవడం స్వార్థం కాదా అని చాలామందికి అనుమానం. నాకు సుఖం ఎంత ఇష్టమో ప్రతి ప్రాణికీ అంతే ఇష్టమని తెలియాలంటే సాక్ష్యం మన దగ్గరే కదా ఉంది!

ఇప్పుడు కష్టంలో ఉన్న ఒక మనిషిని తలచుకోండి. 'లోకంలో బాధపడేవాళ్లంతా' అని కాదు, ముఖం కళ్లముందు మెదిలే ఒక్కరు. చనిపోయినవాళ్లు వద్దు. 'ఈ బాధ నుంచి బయటపడాలి' అని వాళ్లకోసం కోరుకోండి. గుండె బరువెక్కి, టెన్షన్ మొదలైతే దగ్గరి శత్రువు వచ్చేసినట్టే. మళ్లీ ఊపిరి దగ్గరకు వెళ్లి, కుదుటపడ్డాక మైత్రి నుంచి మొదలుపెట్టండి.

ఇది అలవాటయ్యాక వరస పెంచాలి: బాగా ఇష్టమైనవాళ్లు, రోజూ కనిపించినా పేరైనా తెలియనివాళ్లు, చివరకు గిట్టనివాళ్లు. ఈ చివరి మెట్టు దగ్గరే అందరం ఆగిపోతాం. తొందరపడి మొదటిరోజే పెద్ద శత్రువును పట్టుకోకండి, సాధన కాస్తా పాత గొడవల చిట్టాగా మారిపోతుంది. కోపం వస్తే ముందు మెట్టుకు దిగి, ఆ మనిషిలో మంచి ఒక్కటైనా వెతకండి. ఎంతకీ తగ్గకపోతే బుద్ధఘోషుడు చెప్పిన ఆఖరి మందు నాకు చాలా ఇష్టం: ఆ మనిషికే ఏదైనా కానుక ఇవ్వమన్నాడు.

కొన్నాళ్లయ్యాక ఆయనే పెట్టిన ఒక పరీక్ష రాసి చూడండి. మీరు, మీ ఆప్తుడు, ఏ సంబంధమూ లేని ఒకడు, మీ శత్రువు ఒకచోట కూర్చున్నారు. దొంగలొచ్చి, చంపడానికి ఒకణ్ణి ఇవ్వమన్నారు. శత్రువును చూపిస్తే తప్పని మనకూ తెలుసు. 'నన్ను తీసుకెళ్లండి' అన్నా తప్పేనంటాడాయన. నలుగురిలో ఏ ఒక్కరినీ ఇవ్వడానికి మనసొప్పనప్పుడే మధ్యలోని గోడలు కూలినట్టు.