వేసవి శాంపిళ్లలో నోరడ్రినలిన్ ఎటు పోయింది?

ఎండలు ముదిరాక, కోనసీమ ఊళ్ల నుంచి మా ల్యాబుకు వచ్చే 24 గంటల మూత్రం శాంపిళ్లలో నోరడ్రినలిన్, డోపమిన్ అనే హార్మోన్ల పీకులు (గ్రాఫులో వాటి మోతాదును చూపే శిఖరాలు) కుంగిపోవడం మొదలైంది. ఈ హార్మోన్లను అతిగా వదిలే ఫియోక్రోమోసైటోమా అనే అడ్రినల్ గ్రంథి గడ్డ ఉందేమోనని డాక్టరు పంపిన శాంపిల్లో పీకు తగ్గితే జబ్బే కంటపడకుండా పోతుంది. అందుకే వదలబుద్ధి కాలేదు.

శాంపిల్లోని పదార్థాలను విడదీసే హెచ్‌పీఎల్‌సీ మిషన్లో కాలమ్ పాతబడిందన్నారు కొందరు, వాటిని కొలిచే ఎలక్ట్రోకెమికల్ డిటెక్టర్‌లో ఎలక్ట్రోడ్ మురికి పట్టిందన్నారు ఇంకొందరు. కానీ మూత్రం నుంచి ఈ హార్మోన్లను అల్యూమినాతో వేరుచేసే (ఎక్స్‌ట్రాక్షన్) ముందు మేం తెలిసిన మోతాదులో కలిపే పోలిక పదార్థం, అంటే ఇంటర్నల్ స్టాండర్డ్ డీహెచ్‌బీఏ పీకు మాత్రం ఎప్పటిలాగే నిటారుగా ఉంది. లోపం ఎక్స్‌ట్రాక్షన్‌లోనో మిషన్లోనో ఉంటే అదీ తగ్గాలి కదా! అంటే మా చేతికి రాకముందే పోతోందన్నమాట. మూత్రం పట్టి తెచ్చిన క్యాన్లో ఆమ్లత్వం చూపే పీహెచ్ స్ట్రిప్ ముంచి చూస్తే 7 దాటింది. ఆమ్లం లేకుండా ఆ ఉక్కలో గంటల తరబడి ఉంటే నోరడ్రినలిన్, డోపమిన్ లాంటి కాటెకోలమిన్లు ఆక్సీకరణ చెంది పాడవుతాయి.

ఇప్పుడు క్యాన్లో ముందే 6 నార్మల్ గాఢత గల హైడ్రోక్లోరిక్ ఆమ్లం 10 మి.లీ. పోసి ఇస్తున్నాం. “లోపల యాసిడ్ ఉందండి. నేరుగా ఇందులో మూత్రం పోయకండి, వేరే మగ్గులో పట్టి మెల్లగా ఒంపండి, చల్లగా ఉంచండి” అని ఒకటికి రెండుసార్లు చెబుతాం. శాంపిల్ రాగానే స్ట్రిప్ చూస్తాం. పీహెచ్ 4 దాటితే మళ్లీ పట్టమంటాం. పీకులు తిరిగి లేచాయి.

ఒంట్లోని సెరటోనిన్ అనే రసాయనం విరిగి మూత్రంలోకి వచ్చే 5-హెచ్‌ఐఏఏ అనే పదార్థం పరీక్షకు ఇంకో జాగ్రత్త కావాలి. అరటిపండు, అనాస తింటే అది ఊరికే పెరిగి కనిపిస్తుంది. రావులపాలెం అరటి గెలలు అందుబాటులో ఉండే ఇళ్లలో పండు మానమనడం కష్టమే, అయినా మూడు రోజుల ముందు నుంచీ మానమని చీటీలో పెద్దక్షరాలతో రాసిస్తున్నాం.