పాత పికప్‌కి ఇంజన్ మార్చడం ఎలా?

పాత బొలెరో పికప్ గానీ టాటా 207 గానీ నల్లపొగ కక్కుతూ, ఆయిల్ తాగుతూ, లోడుతో కనకదుర్గ వారధి ఎక్కడానికే ఆయాసపడుతుంటే ఇంజన్ మార్చే రోజు వచ్చినట్టే. ఈ పనిలో ఎక్కువ భాగం బోల్టులు విప్పి బిగించడమే. ఇంజన్‌కి గేర్ బాక్స్ కలిపే చోట మాత్రం తొందరపడి, కొన్న కొత్త సామాను కూడా పాడుచేసుకునేవాళ్లు విజయవాడ ఆటోనగర్‌లో ఇప్పటికీ కనిపిస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఏ ఇంజన్ వేయాలో తేల్చుకోండి. 2523 సీసీ డీఐ (మామూలు డీజిల్ పంపుతో నడిచే) బొలెరోకి అదే డీఐ ఇంజన్ వేయాలి. కామన్ రైల్ (కంప్యూటర్ లెక్కతో డీజిల్ చిమ్మే) ఇంజన్ ఎక్కిస్తే బండి పరిగెడుతుందని ఆశపెట్టేవాళ్లుంటారు. దానికి ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్), వైరింగ్, సెన్సార్లు, యాక్సిలరేటర్ పెడల్‌తో సహా అన్నీ మార్చాలి. మామిడి సీజన్‌లో నున్న మార్కెట్‌కి కాయలు వేసుకెళ్తూ దారిలో ఒక సెన్సార్ పోతే, స్కానర్ ఉన్న మనిషి దొరికేదాకా కాయలు ఎండలో ఉడకాల్సిందే. మామూలు పంపు ఇంజన్‌ని ఏ ఊరి మెకానిక్ అయినా దారిలో పెడతాడు.

సెకండ్ హ్యాండ్ ఇంజన్ కొంటుంటే బ్లాక్ మీద నంబర్ ఉన్న చోట డీజిల్ గుడ్డతో తుడిచి, టార్చి పక్కనుంచి వేసి చూడండి. అంకెలన్నీ ఒకే వరుసలో, ఒకే లోతులో ఉండాలి. చుట్టూ గ్రైండర్ గీతలు కనబడితే బేరం అక్కడే వదిలేయండి. బిల్లూ, ఆ ఇంజన్ దిగిన బండి కాగితాల నకలూ తీసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఇంజన్ మార్పును రవాణా శాఖకు తెలియజేసి, ఆర్‌సీలో కొత్త నంబర్ ఎక్కించుకోవాలి. తర్వాత చూద్దాంలే అనుకుంటే ఫిట్‌నెస్ దగ్గరో, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గరో ఇరుక్కుంటారు.

దించడం తేలికే. బ్యాటరీ తీసేయండి. కూలెంట్, ఆయిల్ దించండి. బానెట్, గ్రిల్, రేడియేటర్ విప్పండి. వైర్లకూ పైపులకూ చీటీలు కట్టుకోండి. సైలెన్సర్ పైపు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక చక్రాల వైపు వెళ్లే పొడవాటి రాడ్డు), గేర్ లివర్, క్లచ్ కనెక్షన్, ఇంజన్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే మౌంటింగులు ఊడదీసి చైన్ పుల్లీతో ఎత్తండి. వేలాడే ఇంజన్ కింద మనిషి తల గానీ చెయ్యి గానీ ఉండకూడదు.

ఇంజన్, గేర్ బాక్స్ రెండూ కలిపే దించాలి, కలిపే ఎక్కించాలి. గేర్ బాక్స్‌ని బండిలోనే జాకీ మీద ఉంచి ఇంజన్ ఒక్కటే తీస్తే పూట పని కలిసొస్తుందంటారు. కానీ ఎక్కించేటప్పుడు ఒకటి గాల్లో ఊగుతుంటుంది, రెండోది చీకట్లో ఉంటుంది. నేల మీదైతే చుట్టూ తిరిగి, కంటితో చూసి కలపొచ్చు.

ఇక అసలు పని. పాత ఇంజన్ నుంచి గేర్ బాక్స్ విడదీసి, కొత్త ఇంజన్‌ని చెక్క దిమ్మెల మీద కదలకుండా కూర్చోబెట్టండి. ఫ్లైవీల్ (క్రాంక్ చివర తిరిగే బరువు చక్రం) ఎక్కించకముందే క్రాంక్ వెనక ఆయిల్ సీల్, గేర్ బాక్స్ షాఫ్ట్ కొన కూర్చునే పైలట్ బేరింగ్ కొత్తవి వేయండి. పాతవి బాగానే ఉన్నాయనే మాట వినకండి. క్లచ్ ప్లేట్ మీద ఫ్లైవీల్ వైపు ఏదో తెలిపే గుర్తు ఉంటుంది, తిరగేసి పెట్టకండి. అలైన్‌మెంట్ టూల్ గానీ పాత ఇన్‌పుట్ షాఫ్ట్ (గేర్ బాక్స్ నుంచి ముందుకు వచ్చే షాఫ్ట్) గానీ పైలట్ బేరింగ్ దాకా దూర్చి ప్లేట్‌ని సరిగ్గా మధ్యకు తెచ్చాకే, దాన్ని ఫ్లైవీల్‌కి అదిమి పట్టే ప్రెషర్ ప్లేట్ బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించండి. కంటి అంచనా పనికిరాదు. టూల్ వేళ్లతో లాగితే జారుతూ బయటికి రావాలి. పట్టేస్తే మళ్లీ వదులు చేసి సర్దండి.

డోవెల్ పిన్నులు (ఇంజన్, గేర్ బాక్స్ ముఖాలను సరిగ్గా కుదిర్చేవి) రెండూ ఉన్నాయో లేదో చూడండి. ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్లకు గ్రీజు పల్చగా పూయండి, ఎక్కువైతే క్లచ్ ప్లేట్ మీదికి చిమ్ముతుంది. గేర్ బాక్స్‌ని ఇంజన్‌కి సమానమైన ఎత్తులో తిన్నగా తెచ్చి, గేరులో వేసి, వెనక ఫ్లాంజ్‌ని (ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగించే చోటు) చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ లోపలికి నెట్టండి. పళ్లు కలిసిన క్షణం చేతికే తెలుస్తుంది. సూది దారం ఎక్కించే ఓపిక కావాలి ఇక్కడ.

వేలెడు సందు మిగిలి, ఇక కదలదు. అందరూ చెడగొట్టేది ఇక్కడే. బోల్టులు పెట్టి బిగించి లాగేద్దాం అంటారు. దయచేసి ఆ పని చేయకండి. బోల్టు బలానికి పైలట్ బేరింగ్ నలుగుతుంది, క్లచ్ ప్లేట్ హబ్బు వంగుతుంది, బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పే గేర్ బాక్స్ ముందు డొప్ప) చెవి విరగొచ్చు. బండి స్టార్టవుతుంది గానీ రివర్స్ గేరు కరకరలాడుతుంది, క్లచ్ పూర్తిగా వదలదు. అప్పుడు మళ్లీ మొత్తం దించాలి. సందు మిగిలిందంటే ఎత్తులో తేడా ఉంది, లేదా ప్లేట్ మధ్యలో లేదు, లేదా ఏదో వైరు ఇరుక్కుంది. వెనక్కి లాగి చూడండి. లాగేటప్పుడు గేర్ బాక్స్ బరువు షాఫ్ట్ మీద వేలాడకుండా ఎవరైనా పట్టుకోవాలి. రెండు ముఖాలూ చేతి బలంతో అంటుకున్నాకే బోల్టులు ఎక్కించాలి. బిగించాక న్యూట్రల్‌లో పెట్టి ముందు పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి క్రాంక్‌ని రెండు చుట్లు తిప్పండి. కలపకముందు తిరిగినట్టే తిరగాలి. బిర్రుగా ఉంటే విప్పాల్సిందే.

ఎక్కించడం దించిన వరసకు తిరగేత. మౌంటింగ్ రబ్బర్లు కొత్తవే వేయండి. ఆయిల్, కూలెంట్ పోసి, ఇంజన్ అందుకోకుండా స్టాప్ వైరు తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ ఆపి ఆపి కొట్టండి. తర్వాత వైరు పెట్టి, డీజిల్ లైన్‌లో గాలి తీసి స్టార్ట్ చేయండి. వేడెక్కేదాకా ఐడిల్‌లో ఉంచి లీకులు చూడండి.

మొదటి ట్రయల్‌ ఖాళీ బండితో మంగళగిరి దాకా వేసి రండి. చల్లారాక కూలెంట్ మట్టం, మౌంటింగ్ బోల్టులు మళ్లీ చూసుకోండి. బోరు పని (సిలిండర్ల మరమ్మతు) చేయించిన ఇంజన్ అయితే 500 కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టర్ మార్చండి. అప్పటిదాకా పూర్తి లోడు ఎక్కించకండి.