పైసలు లేకుండా హారర్ తీయడం, తీశాక నలుగురితో కలిసి అర్ధరాత్రి చూడటం

హారర్ తీద్దాం అనుకునే ప్రతోడూ మొదట అడిగేది కెమెరా ఏది కొనాలి అని. కెమెరా సంగతి తర్వాత, ముందు మీ చేతిలో ఏముందో లెక్క చూసుకోండి. ఊళ్లో తాతగారి పెంకుటిల్లు తాళం వేసి ఉందా, ఫ్రెండ్ వాళ్ల నాన్నకి మూతపడ్డ రైస్ మిల్లు ఉందా, మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రాత్రి పదకొండు దాటితే ఎవరూ తిరగరా, కథ అక్కడి నుంచే పుట్టాలి. కథ రాసేసి దానికి తగ్గ బంగ్లా వెతుక్కోవడం డబ్బున్నోళ్ల పద్ధతి. పారానార్మల్ యాక్టివిటీ తీసిన ఓరెన్ పెలి శాన్ డియెగోలో తను ఉంటున్న ఇంట్లోనే సినిమా మొత్తం తీసేశాడు, ఖర్చు సుమారు 15 వేల డాలర్లు, బెడ్‌రూమ్ మూలన ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి వదిలేసిన షాట్లే జనాన్ని నిద్రపోనివ్వలేదు.

ఇంకా వెనక్కెళ్తే 1968లో జార్జ్ రొమేరో తీసిన నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్. పిట్స్‌బర్గ్‌లో యాడ్లు తీసుకునే కుర్రాళ్లు తలా కొంచెం వేసుకుని, చివరికి లక్షా 14 వేల డాలర్ల దాకా ఖర్చుపెట్టి తీశారు. ఎలాగూ కూల్చేయబోతున్న ఒక ఫార్మ్‌హౌస్ అద్దెకి దొరికింది కాబట్టి జాంబీలు తలుపులు పగలగొట్టినా అడిగేవాడు లేడు. కలర్ ఫిల్ముకి డబ్బుల్లేక బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు, బ్లాక్ అండ్ వైట్ కాబట్టి రక్తం బదులు చాక్లెట్ సిరప్ సరిపోయింది, నటించినోళ్లలో ఒకాయనకి మాంసం కొట్లు ఉంటే పేగులు ఆయనే తెచ్చిచ్చాడు. ఇప్పుడు చూస్తే ఆ బ్లాక్ అండ్ వైట్ వల్లే అదేదో న్యూస్ రీల్ చూస్తున్నట్టు ఉంటుంది, కలర్‌లో తీసుంటే అంత భయం వేసేది కాదని నా గట్టి నమ్మకం. మీకు లేనిదేంటో దాన్ని దాచడానికి ట్రై చేయకండి, దాని చుట్టూనే సినిమా కట్టండి.

కథలో దెయ్యానికి రూల్స్ పెట్టండి. ఏది పడితే అది చేయగల దెయ్యం అంటే ఎవరికీ భయం ఉండదు. రాత్రిపూట బయటి నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలకొద్దని అమ్మమ్మలు చెప్తారు కదా, అదొక్కటి తీసుకోండి చాలు. మొదటి పిలుపు వినిపించింది, రెండోది వినిపించింది, హీరోయిన్ మంచం మీద కూర్చుని వేళ్లు లెక్కపెట్టుకుంటూ మూడోదాని కోసం చూస్తోంది, మూడోది రాలేదు. లేదా పక్క గదిలో నిద్రపోతున్న తమ్ముడు రెండో పిలుపుకే పలికేశాడు. ఇందులో గ్రాఫిక్స్ ఎక్కడున్నాయి, మేకప్ ఎక్కడుంది? తలుపు మీద ఓ స్త్రీ రేపు రా అని రాసుకున్న రోజులు మనలో చాలామందికి గుర్తున్నాయి, అలాంటివి బోలెడు ఉంటే మళ్లీ తెల్ల చీర, విరబోసుకున్న జుట్టు, గజ్జెల చప్పుడు దేనికండీ.

చేతబడి, బాణామతి ముట్టుకుంటే మాత్రం ఒక జాగ్రత్త. ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన కేసులు తెలంగాణ పల్లెల్లో నిజంగా జరిగాయి. ఊరి చివర ఒంటరిగా బతికే ముసలామెనో, ఫలానా కులపోళ్లనో మంత్రగత్తెలుగా చూపించి చేతులు దులిపేసుకుంటే మీరు తీసింది హారర్ కాదు, ఆ అనుమానానికి ఇంకో పబ్లిసిటీ. అనుమానించే ఊరినే భయంగా చూపించొచ్చు, అది ఇంకా గట్టి కథ అవుతుంది.

మొదటిసారి పది పన్నెండు నిమిషాలు దాటొద్దు, ఒక ఇల్లు, ముగ్గురు మనుషులు. ఈవిల్ డెడ్ కంటే ముందు శామ్ రైమీ కూడా 1978లో వితిన్ ద వుడ్స్ అని ఒక చిన్న సినిమా తీసి, దాన్ని చూపించి డాక్టర్లు, డెంటిస్టులు, వ్యాపారస్తుల దగ్గర డబ్బులు అడిగాడు. చేతిలో చూపించడానికి ఏదో ఒకటి ఉన్నోడికీ నోటితో కథ చెప్పేవాడికీ చాలా తేడా ఉంటుంది.

షూటింగ్ ఫోన్‌తో అయినా పర్లేదు కానీ కెమెరాని ఆటో మోడ్‌లో వదిలేయకండి, ఫోకస్, ఎక్స్‌పోజర్ (అంటే వెలుతురు ఎంత తీసుకోవాలన్నది) రెండూ లాక్ చేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షటర్ స్పీడ్ 1/50 సెకను పెట్టుకోండి, లేకపోతే ట్యూబ్‌లైట్ కింద ఫ్రేమ్‌లో గీతలు పాకుతుంటాయి. చీకటి కావాలని చీకట్లో తీయకండి, ఐఎస్ఓ (వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపించాలన్న సెట్టింగ్) పెంచితే అంతా బురద బురదగా వస్తుంది. ఒక్క లైటు గట్టిగా ఒక పక్క నుంచి కొట్టి, అవతలి పక్క నల్లగుడ్డ కట్టి, మిగతాది ఎడిట్‌లో కిందికి దించుకోండి. నీడ పక్క కాస్త వెలుతురు నింపాల్సి వస్తే లైటుని థర్మాకోల్ షీట్ మీద కొట్టి బౌన్స్ చేయండి. రాత్రి సీన్లన్నీ రాత్రే తీయాలని కూడా లేదు, లోపలి సీన్లకి కిటికీలకి నల్లగుడ్డలు కట్టేసి పగలే కానిచ్చేయండి, నిద్రలేని టీమ్ మూడో రాత్రికల్లా కొట్టుకుంటుంది. కెమెరా ఊగకుండా పట్టే గింబల్ లేదని బాధపడక్కర్లేదు. రైమీ టీమ్ కెమెరాని ఒక చెక్కపలకకి బిగించి ఇద్దరు అటూ ఇటూ పట్టుకుని అడవిలో పరిగెత్తారు, దెయ్యం చూపు అంటే ఇప్పటికీ అందరికీ ఆ షాటే గుర్తొస్తుంది.

రక్తం గురించి చాలామంది అడుగుతుంటారు. కుంకుమ నీళ్లు కెమెరాలో ఆరెంజ్‌గా కనిపిస్తాయి, వదిలేయండి. దిష్టి తీసే పసుపు సున్నం నీళ్లు ఎర్రగా బాగుంటాయి కానీ సున్నం కంట్లో పడితే అంతే సంగతులు, ముఖానికి అసలు వద్దు. బేకరీ సామాన్ల కొట్టులో లిక్విడ్ గ్లూకోజ్ దొరుకుతుంది, దాంట్లో కొంచెం నీళ్లు, ఎర్ర ఫుడ్ కలర్, నలుపు రావడానికి చాక్లెట్ సిరప్ గానీ కాఫీ పొడి గానీ, ఒక్క చుక్క నీలం కలర్ కలపండి. నోట్లోంచి కారే రక్తానికి తినే వస్తువులు తప్ప ఏమీ కలపకూడదు, బట్టల మీద పోసేదానికైతే కొంచెం షాంపూ కలిపితే మరక కాస్త తేలిగ్గా వదులుతుంది. అసలు షూటింగ్‌లో వాడే లైట్ల కిందే ముందు టెస్ట్ చేయండి, కొన్ని ఎల్ఈడీల కింద అదే రక్తం రోజ్‌మిల్క్‌లా కనిపిస్తుంది. చొక్కాలు ఒకేలాంటివి కనీసం మూడు కొనండి. ఇంకోటి, అది పంచదార పాకం లాంటిదే కాబట్టి శవంలా నేల మీద పడుకున్న ఆర్టిస్టుకి చీమలు పడతాయి, చుట్టూ చీమల మందు లక్ష్మణరేఖ చాక్‌తో గీసి పడుకోబెట్టండి పాపం. అయితే ఎంత తక్కువ చూపిస్తే అంత మంచిది. 1974 నాటి టెక్సస్ చైన్ సా మాసకర్ అంటే రక్తపాతం అనుకుంటారు అందరూ, నిజానికి తెర మీద కనిపించే రక్తం చాలా తక్కువ, మిగతాదంతా చూసినోళ్లు బుర్రలో పోసుకున్నదే.

డబ్బులు ఏమైనా మిగిలితే మొత్తం సౌండ్ మీద పెట్టండి, ఇది మాత్రం నేను ఎక్కడైనా కొట్లాడతా. జాన్ కార్పెంటర్ 1978లో హాలోవీన్ తీసి మ్యూజిక్ లేకుండా ఒక స్టూడియో ఆమెకి చూపిస్తే ఆమెకి అస్సలు భయం వేయలేదట. తర్వాత ఆయనే కూర్చుని మ్యూజిక్ చేసుకున్నాడు, అదే సినిమా, అవే షాట్లు, జనం వణికిపోయారు. (ఆ విలన్ మాస్కు కూడా స్టార్ ట్రెక్ కెప్టెన్ కర్క్ ముఖం ఉన్న రెండు డాలర్ల మాస్కే, కంటి రంధ్రాలు పెద్దవి చేసి తెల్ల పెయింట్ కొట్టారంతే.) సెట్‌లో ఫ్యాన్ ఆపండి, ఫ్రిజ్ ఆపండి, ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళాలు అందులోనే పెట్టండి, వెళ్లేటప్పుడు తాళాల కోసం తెరిస్తే మళ్లీ ఆన్ చేయాలని గుర్తొస్తుంది, లేకపోతే ఇల్లు ఇచ్చినోళ్ల పాలు, పెరుగు పాడై రేపటి నుంచి లొకేషన్ ఉండదు. ప్రతి గదిలో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం రూమ్ టోన్, అంటే ఆ గది నిశ్శబ్దం సౌండ్, రికార్డ్ చేయండి, ఎడిట్‌లో కూర్చున్నాక దాని విలువ తెలుస్తుంది.

ఎముక విరిగే సౌండ్‌కి ములక్కాడో చెరుకు ముక్కో మైక్ దగ్గర విరవండి, కత్తి దిగే సౌండ్‌కి పుచ్చకాయ, మాంసం చప్పుడుకి తడి టవల్ పిండుతూ లోపల పండిపోయిన టమాటాలు నలపండి. వాతావరణానికి ఎక్కడెక్కడి తోడేళ్లో తెచ్చి పెట్టకండి, తెలుగోడికి తోడేలు అరిస్తే ఏమీ అనిపించదు. తీతువు పిట్ట అరుపు, దూరంగా కుక్క ఏడుపు, గోడ మీద బల్లి, కీచురాళ్లు సడన్‌గా ఆగిపోవడం, ఇవి మనకి చిన్నప్పటి నుంచి ఎక్కి ఉన్నవి. నాకైతే ఆ ఆగిపోవడమే ఎక్కువ భయం. ఢాం అని సౌండ్ పెడితే ఎవడైనా ఉలిక్కిపడతాడు, టపాకాయ పేలినా ఉలిక్కిపడతాడు, అందుకని పన్నెండు నిమిషాల్లో అలాంటిది ఒక్కటి చాలు.

సెట్ జాగ్రత్తలు చెప్పకపోతే తప్పవుతుంది. రాత్రి ఊళ్లో తీస్తుంటే సర్పంచికి, చుట్టుపక్కల ఇళ్లకి, దగ్గర్లో పోలీస్ స్టేషన్‌కి ముందే చెప్పండి, చెప్పకుండా దెయ్యం మేకప్‌తో ఒకమ్మాయిని రోడ్డు మీద పరిగెత్తిస్తే జనం రాళ్లతో వస్తారు. పాడుబడ్డ బిల్డింగ్‌కి పగలు ఒకసారి వెళ్లి పాములు, పగిలిన శ్లాబు, నూతి గట్టు చూసుకోండి. నిప్పుతో సీన్ ఉంటే బకెట్లో నీళ్లు, ఇసుక, చూసుకోడానికి ఒక మనిషి, ఆ మనిషికి ఇంకో పని చెప్పకూడదు.

ఎడిట్ అయ్యాక మీ ఫ్రెండ్స్‌కి చూపించకండి, వాళ్లు బాగుందనే అంటారు. మిమ్మల్ని పెద్దగా తెలియని ఐదుగురిని కూర్చోబెట్టి, మీరు స్క్రీన్ వైపు కాకుండా వాళ్ల చేతుల వైపు చూడండి. చెయ్యి ఫోన్ మీదకి ఎక్కడ పోయిందో అక్కడ కత్తెర వేయాలి.

కాగితాలు బోరే కానీ రొమేరో వాళ్ల కథ విన్నాక చేయించుకుంటారు. రిలీజ్‌కి ముందు సినిమా పేరు మార్చినప్పుడు కొత్త టైటిల్ కార్డు మీద కాపీరైట్ నోటీసు వేయడం మర్చిపోయారు, అప్పటి అమెరికా చట్టం ప్రకారం దాంతో సినిమా పబ్లిక్ డొమైన్‌లోకి పోయింది. ఎవరు పడితే వాళ్లు టీవీల్లో వేసుకున్నారు, క్యాసెట్లు అమ్ముకున్నారు, సినిమా ఊరూరా పాకి కల్ట్ (పిచ్చి అభిమానులు మళ్లీ మళ్లీ చూసే సినిమా) అయింది, తీసినోళ్లకి రావాల్సిన డబ్బులు మాత్రం రాలేదు. ఇప్పుడు మనకి ఆ నోటీసు గొడవ లేదు కానీ ఆర్టిస్టులు, మ్యూజిక్ చేసినోళ్లు, ఇల్లు ఇచ్చినోళ్లు, అందరి సంతకాలూ ఒక్కో పేజీ మీద తీసుకోండి. యూట్యూబ్‌లో ఫ్రీ అని రాసి ఉన్న మ్యూజిక్ అంతా ఫ్రీ కాదు, లైసెన్స్ చదవండి.

తీసిన వెంటనే యూట్యూబ్‌లో ఎక్కించేయొద్దు, నెట్‌లో పెట్టిన సినిమాలని కొన్ని ఫెస్టివల్స్ తీసుకోవు. స్పెయిన్‌లో సిట్జెస్ 1968 నుంచి జరుగుతోంది, ఆస్టిన్‌లో ఫెంటాస్టిక్ ఫెస్ట్, లండన్‌లో ఫ్రైట్‌ఫెస్ట్, కొరియాలో బుచియాన్ ఉన్నాయి. ఎంట్రీ ఫీజులు డాలర్లలో తగులుతాయి కాబట్టి మీ సినిమాకి సరిపోయేవి రెండు మూడు ఎంచుకుని తొందరగా పంపండి, ఆఖరి తేదీ దగ్గర పడేకొద్దీ ఫీజు పెరుగుతుంది. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ తెలుగు, ఇంగ్లీష్ రెండూ బాగా వచ్చినోళ్లతో చేయించండి.

ఇక చూడటం. కల్ట్ అనేది తీసినోడి చేతిలో లేదు, మళ్లీ మళ్లీ కలిసి చూసే జనం చేతిలో ఉంది. రాకీ హారర్ పిక్చర్ షో 1975లో వస్తే ఎవరూ పట్టించుకోలేదు, 1976 ఏప్రిల్ నుంచి న్యూయార్క్ వేవర్లీ థియేటర్‌లో అర్ధరాత్రి షోలు వేయడం మొదలుపెట్టాక జనం వేషాలు వేసుకొచ్చి, తెర వైపు డైలాగులకి బదులు అరుస్తూ, పెళ్లి సీన్‌కి బియ్యం విసురుతూ దాన్నొక జాతర చేసేశారు. కాగితాలు చించి ఎగరేసే మనకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. 2018లో వచ్చిన హిందీ హారర్ తుంబాడ్ 2024 సెప్టెంబర్‌లో మళ్లీ రిలీజైతే మొదటిసారి కంటే ఎక్కువ వసూలు చేసింది. మా ఊరి పొలిమేర 2021లో నేరుగా ఓటీటీలోకి వచ్చి, చూసినోళ్లు ఇంకొకళ్లకి చెప్పీ చెప్పీ 2023లో రెండో భాగం థియేటర్లలోకి వచ్చింది.

మీరు చేయాల్సింది చిన్నదే. ఒక హాలు గానీ, పెద్ద గది గానీ, ప్రొజెక్టర్, అంతకంటే ముఖ్యంగా బేస్ ఉన్న స్పీకర్లు, ముప్పై నలభై మంది. షార్ట్ ఫిల్మ్స్ తీసినోళ్లకి మెసేజ్ పెట్టి అడిగితే చాలామంది సంతోషంగా ఇస్తారు, వేరేవాళ్ల పెద్ద సినిమా వేయాలంటే హక్కులున్నోళ్లని అడగాల్సిందే, మీ ఓటీటీ అకౌంట్ ఇంట్లో చూసుకోడానికే గానీ హాల్లో వేయడానికి కాదు. టికెట్ పెట్టి పబ్లిక్‌గా వేసే ఆలోచన ఉంటే సెన్సార్ సర్టిఫికెట్ సంగతి ముందే కనుక్కోండి. పిల్లల్ని రానివ్వొద్దు, ఏ సినిమాలో ఏముందో గేటు దగ్గరే రాసిపెట్టండి, అందరికీ అన్నీ పడవు.

వరుస ముఖ్యం. మొదట నవ్వొచ్చే హారర్ వేయండి, జనం ఒకరికొకరు అలవాటు పడతారు. బాగా బరువైనది పన్నెండుకి. తర్వాత టీ, మిరపకాయ బజ్జీలు, తీసినోళ్లు ఉంటే వాళ్లతో ముచ్చట. రెండు తర్వాత అందరూ జోగుతుంటారు కాబట్టి అప్పుడు ఏదైనా పిచ్చి సినిమా, జనం అరిచి గోల చేసేది పడాలి. జపాన్ వాళ్ల వన్ కట్ ఆఫ్ ద డెడ్‌కి హక్కులు దొరికితే అదే వేయండి, సుమారు 30 లక్షల యెన్‌లతో తీసింది, మొదటి 37 నిమిషాలు ఒకే షాట్, అక్కడ దాకా చూసి ఇదేం చెత్త అని లేచేవాళ్లుంటారు, తలుపు దగ్గర నిలబడి ఆపండి, ఎందుకో చెప్పకండి. అది అయ్యేసరికి నాలుగు దాటుతుంది, క్యాబ్‌లు దొరికే టైమ్ కాదు, కాబట్టి హాలు బుక్ చేసేటప్పుడే పొద్దున ఆరింటి దాకా మాట్లాడుకోండి, టీ ఫ్లాస్కులు ఇంకో రెండు ఎక్కువ తెప్పించండి.