కొండ అడవిలో పిల్ల చెట్లు ఎందుకు లేవు?

తూర్పు కనుమల్లో, పాడేరు వైపైనా నల్లమలలోనైనా, వానాకాలంలో దూరం నుంచి చూస్తే అడవి నిండుగానే కనిపిస్తుంది. టేపు పట్టుకుని లోపలికి వెళ్తే సంగతి బయటపడుతుంది.

ముందు కొలత. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పున కొన్ని గళ్లు వేసుకోండి. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో ప్రతి మాను చుట్టుకొలత తీయండి. 30 సెంటీమీటర్లు దాటినవి చెట్లు. సన్ననివి, మొలకలు విడిగా రాయాలి, అదీ జాతివారీగా. అన్నిటినీ కలిపి లెక్కేస్తే చిన్నవి ఎక్కువ, పెద్దవి తక్కువ అని చక్కగానే తేలుతుంది. ఆ లెక్క చాటున ఒక్కో జాతి వారసులు లేకుండా ముసలిదైపోతూ ఉంటుంది.

లక్షణం: ఇప్పచెట్లన్నీ పెద్దవే, పిల్ల ఒక్కటీ లేదు

కారణం అడిగితే గింజలు ఏరుకుపోవడమే అంటారు. నూనె కోసం గింజలు ఇళ్లకు చేరే మాట నిజమే. కానీ చెట్టు కింద వంగి చూడండి, బూడిద కనిపిస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున రాలే పువ్వు ఎండుటాకుల్లో కలిసిపోకుండా ముందే ఆకులకు నిప్పు పెడతారు. ముదురు మాను బెరడు మందం, అది తట్టుకుంటుంది. నిరుడు మొలిచిన మొక్కకు ఆ బెరడు ఎక్కడిది? పైగా ఆ నిప్పు చెట్టు కిందే ఆగదు, గాలికి వాలు పైకి ఎగబాకుతుంది.

పువ్వు ఏరేవాళ్లను తిట్టి లాభం లేదు, అది వాళ్ల జీవనాధారం. ఆకులు ఊడ్చి పక్కకు తీయాలి, లేదా కొమ్మల కింద పాత చీరలు గానీ వలలు గానీ పరచాలి. ఊరికి కొన్ని చెట్ల గింజలను ఏరకుండా వదలాలి. ఇప్ప గింజ మొలిచే శక్తిని త్వరగా కోల్పోతుంది. వచ్చే ఏడాదికి దాచకుండా, రాలగానే వానల్లోనే నాటాలి. మేకల భయం ఉన్నచోట చుట్టూ ముళ్లకంప తప్పదు.

ఒక హెచ్చరిక: ఎండిన మొలకను చచ్చిందని లెక్కలోంచి కొట్టేయకండి. పైభాగం ఎండినా వేరు బతికి ఉండి, వానకు మళ్లీ చిగురించడం ఎర్రచందనం వంటి జాతులకు మామూలే. పక్కన పుల్ల గుచ్చి, వానల్లో ఒకసారి, మే నెలలో ఒకసారి చూడండి.

లక్షణం: తునికి మోకాలెత్తున కొల్లలు, నడుము దాటింది లేదు

ఇది పునరుత్పత్తి అని సంబరపడేవాళ్లను చూశాను. ఒక దాని మొదట్లో తవ్వండి. చాలావరకు అవి గింజ మొక్కలు కావు, పాత వేళ్ల నుంచి లేచిన పిలకలు. బీడీ ఆకు లేతగా రావాలని ఏటా కొట్టేస్తుంటే మాను ఎలా అవుతుంది? గడికి రెండు మూడు బలమైన పిలకలకు రంగు పూసి, వాటి జోలికి పోవద్దని ఆకు కోసేవాళ్లతో ఒప్పందం చేసుకోండి.

లక్షణం: మొలకలున్నాయి, కానీ ఎదగవు, పైన లాంటానా కంప

కారణం కళ్లముందే ఉంది: నీడ. పైపైన నరికితే మళ్లీ గుబురుగా లేస్తుంది. నేల కింద 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతున వేరు తెంచి, తలకిందులుగా పెట్టి ఎండనివ్వాలి. కాయ పండకముందే చేయాలి, లేకపోతే పిట్టలు మళ్లీ విత్తుతాయి.

లక్షణం: చెట్లన్నీ ఒకే లావు

పోడు వదిలేసిన ఏడాది మోళ్ల నుంచి, గింజల నుంచి ఒకేసారి లేచిన అడవి ఇది. దీన్ని జబ్బు అనుకోకూడదు. ఇలాంటి చోటే గోతులు తవ్వి నర్సరీ మొక్కలు దించాలన్న ఉత్సాహం ఎక్కువ. ముందు నీడలో వెతకండి. నల్లమద్ది, వేగిస పిల్లలు కనిపిస్తే చేయి పెట్టకుండా వదిలేయండి. కనిపించకపోతే గట్టు మీద ఆ జాతుల తల్లిచెట్టు ఉందో లేదో చూడండి. అదీ లేకపోతేనే పక్క కొండ నుంచి గింజ తేవాలి.