హోంవర్క్‌లో పిల్లలకి సాయం – 3వ భాగం: తప్పు జవాబుని అప్పుడే కొట్టేయకండి

పోయిన భాగంలో ప్రశ్నని పిల్లల చేతే పైకి చదివించడం చూశాం కదా, చేసి చూశారా? ఈసారి అసలు పని. పిల్లాడు తప్పు రాశాడు, మనకేమో వెంటనే కరెక్ట్ చెప్పేయకపోతే నోరు ఊరుకోదు. ఆగండి. ఆ తప్పే నిజమనుకుని, అది ఎక్కడ బోల్తా పడుతుందో వాడికే కనిపించేలా ఒక్క ప్రశ్న వేయాలి.

లెక్కలు. 1/2 + 1/3 = 2/5 అని రాస్తారు, పైవి పైవి కలిపి, కిందవి కిందవి కలిపి. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అదే LCM) అంటూ మొదలెట్టకండి. "సగం దోసె తిన్నావు, ఇంకో మూడో వంతు కూడా తిన్నావు, మొత్తం సగం కన్నా ఎక్కువా తక్కువా?" అనండి. ఎక్కువే అంటాడు. "మరి 2/5?" ఐదు ముక్కల్లో రెండంటే సగం కూడా లేదు! తిన్నకొద్దీ తగ్గిందేంటని వాడే బుర్ర గోక్కుంటాడు. అప్పుడు దోసెని 6 ముక్కలు చేయించండి, సగమంటే 3, మూడో వంతంటే 2, కలిపితే 5/6. ఆ 6నే 2, 3ల క.సా.గు. అంటారని ఇప్పుడు చెప్పండి. కాగితం మీద గీసిన దోసె చాలు, నిజం దోసెతో చేస్తే ఆన్సర్ వచ్చేలోపు ప్లేటు ఖాళీ.

సైన్స్‌లో, ఫ్రిజ్ నీళ్ళ గ్లాసు బయట చుక్కలెందుకు అంటే లోపల్నుంచి కారాయంటారు. సరే, నీళ్ళల్లో కాస్త పసుపు కలపమనండి. బయటి చుక్కలు పచ్చగా ఉన్నాయా? లేవు. మరెక్కడివి? గాల్లో ఆవిరి చల్లటి గ్లాసుకి తగిలి నీళ్ళయిందనే దాకా మెల్లగా వస్తాడు, కాకపోతే గాలి బాగా పొడిగా ఉన్న రోజు ట్రై చేయొద్దు, చుక్కలు సరిగ్గా పట్టవు, మీ పరువు పోతుంది.

సోషల్ తేలిక. గోదావరి నాసిక్ దగ్గర పుట్టింది కాబట్టి అరేబియా సముద్రంలో కలుస్తుందని రాస్తే "మరి రాజమండ్రికి ఎలా వచ్చింది?" అనండి, అట్లాస్‌లో ఆ 1465 కిలోమీటర్లూ వేలితో గీయించండి.

తెలుగులో మహేంద్రుడుని మహే + ఇంద్రుడు అని విడదీస్తే "మహే అంటే ఏంటి?" అంటే చాలు, మహా దొరుకుతుంది, ఆ + ఇ = ఏ, గుణసంధి.

రేపే పరీక్ష, రాత్రి పదయ్యిందంటే మాత్రం ఇవేవీ వద్దు, జవాబు చెప్పేసి పడుకోబెట్టండి.

మీకు ప్రాక్టీసు: "0.2 కన్నా 0.15 పెద్దది, 15 పెద్దది కదా" అంటోంది పాప. ఏం అడుగుతారు? రూపాయలూ పైసల వైపు ఆలోచించండి, 4వ భాగం అక్కణ్ణుంచే మొదలెడదాం.