పెద్ద విపత్తు రాకముందే టీమ్ విషయంలో చూసుకోవాల్సినవి

రెండో షిఫ్టులో ఎవరుంటారో ఇప్పుడే పేర్లతో సహా రాసుకోండి. అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇక్కడే జరుగుతుంది: మొదటి రోజు ఊపులో అందర్నీ ఒకేసారి దింపేస్తారు, తెల్లారేసరికి నిర్ణయాలు తీసుకునేది నిద్రలేక తూలుతున్నవాళ్లే. 12 గంటల షిఫ్టులైతే ఒక్కో బాధ్యతకు ఇద్దరు తప్పనిసరి, సెలవులు కూడా లెక్కేస్తే ముగ్గురు.

ఒకే పేరు రెండు జాబితాల్లో ఉందేమో వెతకండి. ఆసుపత్రి డ్యూటీలో, రెస్క్యూ టీమ్‌లో అదే నర్సు ఉంటే కాగితం మీద ఇద్దరు, పనిలోకి వచ్చేది ఒక్కరే.

ఒక లీడర్ కింద ఐదుగురు, మహా అయితే ఏడుగురు. 1970 కాలిఫోర్నియా కార్చిచ్చుల తర్వాత రూపొందిన ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్‌లో (విపత్తు వేళ ఎవరు ఎవరి కింద పనిచేయాలో తేల్చే పద్ధతిలో) పాటించే లెక్క ఇది.

ఒక్క డ్రిల్ అయినా ముందుగా చెప్పకుండా, రాత్రిపూట, ఫోన్లు పనిచేయట్లేదనుకుని చేయండి. వాకీటాకీ ఛార్జర్లు పెట్టిన గదికి తాళం వేసి ఉందని, ఆ తాళంచెవి సెలవులో ఉన్నాయన జేబులో ఉందని తెలిసేది అప్పుడే. పవర్‌పాయింట్ చూపించి సంతకాలు తీసుకుంటే అది ట్రైనింగ్ కాదు, హాజరు.

ఇంట్లో పిల్లల్ని, పెద్దవాళ్లని ఎవరు చూసుకుంటారో సిబ్బందిని అడగండి. ఆ టెన్షన్ ఉన్నవాళ్లు పిలిచినా రాలేరు.

వాలంటీర్ల పేర్లు ఎవరు రాసుకోవాలో తేల్చేయండి.