గెలుస్తున్న జట్టు కుర్రాళ్లను ఇచ్చి స్టార్‌ను తెచ్చుకోవాలా? జూలైలో లెక్క వేసే పద్ధతి

ప్రతి జూలై చివర్లో ఇదే గొడవ. అమెరికా బేస్‌బాల్‌లో జట్లు ఆటగాళ్లను మార్చుకునే ట్రేడ్ గడువు దగ్గర పడుతుంది, మన జట్టు పైన ఉంటుంది, ఎవరో పెద్ద పిచర్ (బంతి వేసేవాడు) పేరు బయటికొస్తుంది. సగం మంది "ఎవర్నైనా ఇచ్చేయండి, ఆయన్ని తెండి" అంటారు, మిగతా సగం "మా కుర్రాణ్ని ముట్టుకుంటే ఊరుకోం" అంటారు. ఇద్దరిలో ఒక్కరూ కాగితం మీద లెక్క వేసి ఉండరు. నేను డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను. టెక్సస్ రేంజర్స్ వాళ్ల డబుల్-ఎ జట్టు (పెద్ద లీగ్‌కి రెండు మెట్ల కింద, మైనర్ లీగ్‌లో ఆడే కుర్రాళ్ల జట్టు) ఆడేది మా ఊళ్లోనే, కాబట్టి రేపో మాపో ట్రేడ్ కాబోయే కుర్రాళ్లను ఏళ్ల తరబడి దగ్గర్నుంచి చూస్తూ, ప్రతి ఏడాదీ ఈ లెక్క వేస్తూ వస్తున్నాను.

కొత్తవాళ్ల కోసం ఒక ముక్క. ఇక్కడ ఐపీఎల్‌లా వేలం ఉండదు. కుర్రాడు పెద్ద లీగ్‌కి వచ్చాక ఆరు సీజన్లు ఆ జట్టు చేతిలోనే ఉంటాడు, అందులో సుమారు మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతానికే ఆడతాడు. 2025లో ఆ కనీస జీతం 7,60,000 డాలర్లు. స్టార్ల జీతం కోట్ల డాలర్లలో ఉంటుంది కాబట్టి, అంత తక్కువకి బాగా ఆడే కుర్రాడు దొరకడం బంగారం.

కావాల్సినవి: కాగితం, పెన్ను, పాయింట్ల పట్టిక, మీ జట్టులో ఎవరి కాంట్రాక్ట్ ఎప్పటి వరకో చెప్పే జాబితా, మైనర్ లీగ్ జట్ల జాబితా. అన్నీ నెట్‌లో పది నిమిషాల్లో దొరుకుతాయి. స్టార్ పేరు బయటికి రాకముందే లెక్క వేయండి, పేరు విన్నాక ఎవరి బుర్రా సరిగ్గా పనిచేయదు.

1. మీ జట్టు ఎక్కడుందో రాయండి. 2022 నుంచి 12 జట్లు ప్లేఆఫ్స్‌కి వెళ్తున్నాయి. పెద్ద లీగ్‌లో రెండు సగాలున్నాయి, వాటినీ లీగ్‌లే అంటారు. ఒక్కో లీగ్‌లో పైనున్న రెండు డివిజన్ (గ్రూపు) విజేతలు మొదటి రౌండ్ ఆడక్కర్లేదు, మిగతావాళ్లు మూడు ఆటల సిరీస్‌లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆడాలి. మీ పైజట్టుకీ మీకూ, మీకూ కిందిజట్టుకీ ఎన్ని ఆటల తేడా ఉందో రాసుకోండి.

2. రెండు గెలుపుల లెక్క. గడువు తర్వాత మిగిలేది సీజన్‌లో మూడో వంతు. ఏడాదంతా ఆడితే ఆరు గెలుపులు అదనంగా తెచ్చేంత గొప్ప ఆటగాడైనా ఆ రెండు నెలల్లో తెచ్చేది రెండు. మీరు తొమ్మిది ఆటలు ముందుంటే ఆ రెండిటితో పనిలేదు, స్టార్‌ను కేవలం అక్టోబర్‌లో జరిగే ప్లేఆఫ్స్ కోసం కొంటున్నట్టు. ఒకటి రెండు ఆటల తేడాలో ఉంటే మాత్రం ఆ రెండే సర్వస్వం. 2023లో రేంజర్స్ 90 గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లారు, సియాటిల్ 88 గెలిచి ఇంటికెళ్లారు.

3. కుర్రాడి విలువ కట్టడం. అందరూ పాడుచేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

మొదట, కుర్రాళ్ల టాప్ 100 జాబితాలు పక్కన పెట్టండి. ఇద్దరి పేర్లు ఎక్కిస్తే "ఈ ట్రేడ్ మీకు లాభం" అని చెప్పే సైట్లు కూడా పక్కన పెట్టండి. అవి కుర్రాడి విలువ సగటు జట్టుకి ఎంతో చెబుతాయి, మీ జట్టుకి ఎంతో చెప్పవు. మీ దగ్గర ఆ స్థానంలో ఎవరున్నారు, ఎన్నేళ్లుంటారు, ఈ ఒక్క ప్రశ్నతో సగం పని అయిపోతుంది. 2016లో షికాగో కబ్స్ రిలీవర్ (ఆట మధ్యలోనో చివర్లోనో దిగే పిచర్) అరోల్డిస్ చాప్‌మన్ కోసం గ్లేబర్ టోరెస్‌నీ, ఇంకో ముగ్గుర్నీ న్యూయార్క్ యాంకీస్‌కి ఇచ్చారు. టోరెస్ షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేసేవాడు). అప్పటికే కబ్స్‌కి అక్కడ 22 ఏళ్ల ఆడిసన్ రసెల్, 23 ఏళ్ల హావియెర్ బాయెజ్ ఉన్నారు. టోరెస్ తర్వాత ఆల్-స్టార్ అయ్యాడు, అయినా 1908 తర్వాత మొదటి ప్రపంచ సిరీస్ కప్పు వచ్చిన ఆ ఏడాది అతనికి కబ్స్‌లో చోటు లేదు. కుర్రాడు ముందుముందు ఏమవుతాడని కాకుండా, మీ దగ్గర ఉంటే ఏమయ్యేవాడని అడగాలి.

రెండోది, బ్యాటర్నీ పిచర్నీ ఒకే తూకంలో వేయకండి. ఇవ్వాల్సి వస్తే పిచర్‌ని ఇవ్వండి, బ్యాటర్‌ని ఉంచుకోండి. కుర్ర పిచర్ల భుజాలు, మోచేతులు ఎప్పుడు పోతాయో ఎవరూ చెప్పలేరు. 2017 ఆగస్టు 31 అర్ధరాత్రి, అప్పట్లో ఉన్న రెండో ట్రేడ్ గడువుకి క్షణాల ముందు హ్యూస్టన్ ఆస్ట్రోస్ స్టార్ పిచర్ జస్టిన్ వెర్లాండర్‌ను తెచ్చుకున్నప్పుడు, ఇచ్చినవాళ్లలో అందరూ విలువైనవాడనుకున్నది పిచర్ ఫ్రాంక్లిన్ పెరెజ్. గాయాలతో అతను పెద్ద లీగ్ దాకా రానేలేదు. ఆస్ట్రోస్ ఆ ఏడాదే కప్పు కొట్టారు.

ఇక్కడ ఎవరో ఒకరు జాన్ స్మోల్ట్జ్ పేరు ఎత్తుతారు. 1987లో డెట్రాయిట్ టైగర్స్ సీనియర్ పిచర్ డాయిల్ అలెగ్జాండర్ కోసం కుర్ర పిచర్ స్మోల్ట్జ్‌ను అట్లాంటాకి ఇచ్చారు, స్మోల్ట్జ్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి (ఆట దిగ్గజాల జాబితాకి) వెళ్లాడు. దీన్ని తప్పుడు ట్రేడ్‌కి ఉదాహరణగా చెప్పడం వినీ వినీ విసుగొచ్చింది. అలెగ్జాండర్ వచ్చాక 9 గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. టైగర్స్ డివిజన్ గెలిచింది రెండే రెండు ఆటల తేడాతో. వాళ్లు కొన్నది వాళ్లకి దొరికింది. ఆ రోజు తెలిసిన విషయాలతోనే ట్రేడ్‌ను తూచాలి.

నిజంగా తప్పు ట్రేడ్ చూడాలంటే 1990 బాస్టన్‌ను చూడండి. 37 ఏళ్ల రిలీవర్ లారీ ఆండర్సన్ కోసం కుర్ర బ్యాటర్ జెఫ్ బాగ్‌వెల్‌ను హ్యూస్టన్‌కి ఇచ్చేశారు. ఆండర్సన్ బాగానే వేశాడు, కానీ వేసింది 22 ఇన్నింగ్స్ (ఒక్క ఆటకే తొమ్మిది ఉంటాయి). అంత తక్కువ ఇన్నింగ్స్‌తో రెండు గెలుపులు ఎలా వస్తాయి? బాగ్‌వెల్ డబుల్-ఎలో బంతిని ఉతికేస్తున్నాడు. అందుకే నా నియమం: డబుల్-ఎలో సీజన్ పొడవునా కొడుతూ, స్ట్రయికౌట్లు (బంతి తగలక అవుటవడం) తక్కువగా ఉన్న బ్యాటర్‌ను రెండు నెలల రిలీవర్ కోసం ఇవ్వకూడదు. చాప్‌మన్ ట్రేడ్ దీనికి దగ్గరగా వస్తుంది కదా అంటే, వస్తుంది, 108 ఏళ్లు ఎదురుచూసిన జట్టుకి ఒక్కసారి మినహాయింపు ఇస్తాను.

మూడోది, మనసు. ఇది నాకూ కష్టమే. 2023 వేసవిలో టెకోవా రోబీ, థామస్ సగీసీ, లూయిసాంహెల్ అకూన్యా ముగ్గుర్నీ ఇక్కడ ఫ్రిస్కోలో చూశాను. జూలై ఆఖరుకి ముగ్గురూ వెళ్లిపోయారు, మొదటి ఇద్దరు పిచర్ జోర్డన్ మాంట్‌గమరీ కోసం, మూడోవాడు ఇంకో పిచర్ మాక్స్ షెర్జర్ కోసం. ఆ రాత్రి చాలా బాధపడ్డాను. కానీ అప్పటికి రేంజర్స్‌కి షార్ట్‌స్టాప్‌గా కోరీ సీగర్, సెకండ్ బేస్‌లో మార్కస్ సీమియన్ దీర్ఘకాల కాంట్రాక్టుల మీద ఉన్నారు. సగీసీ, అకూన్యా ఎక్కడ ఆడతారు? అక్టోబర్‌లో హ్యూస్టన్‌తో ఏడో ఆటలో షెర్జర్ మూడో ఇన్నింగ్స్‌లోనే తప్పుకుంటే మాంట్‌గమరీ వచ్చి ఆపాడు, తర్వాత రేంజర్స్ చరిత్రలో మొదటి కప్పు వచ్చింది. మీకు ఇష్టమైన కుర్రాడైతే, వేరే ఊరి కుర్రాడనుకుని అదే లెక్క మళ్లీ వేయండి.

4. స్టార్ ఎన్నేళ్లుంటాడో చూడండి. అక్టోబర్ అయ్యాక వెళ్లిపోయేవాడైతే మధ్యస్థపు కుర్రాళ్లు చాలు. సీజన్ మధ్యలో తెచ్చినవాడికి క్వాలిఫైయింగ్ ఆఫర్ (గడువు తీరిన ఆటగాడికి పాత జట్టు ఇచ్చే ఏడాది కాంట్రాక్ట్) ఇవ్వడానికి వీల్లేదు, అంటే అతను వెళ్లిపోతే బదులుగా డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాణ్ని ఎంచుకునే వంతు) కూడా రాదు. రెండేళ్లకు పైగా ఉండేవాడైతే కథ వేరు, మళ్లీ అమ్ముకోవచ్చు. 2022లో శాన్ డియేగో స్టార్ బ్యాటర్ హువాన్ సోటో కోసం కుర్రాళ్లు అబ్రమ్స్, గోర్, వుడ్‌లను, ఇంకా కొందరిని వాషింగ్టన్‌కి ఇచ్చింది, ఆ ముగ్గురూ తర్వాత ఆల్-స్టార్లయ్యారు. కానీ 2023 డిసెంబర్‌లో సోటోను యాంకీస్‌కి పంపి మైకేల్ కింగ్‌నీ, డ్రూ థోర్ప్‌నీ, మరికొందరినీ తెచ్చుకున్నారు, మూడు నెలల్లో థోర్ప్‌ను ముందుపెట్టి పిచర్ డిలన్ సీస్‌ను తెచ్చారు. ఖరీదు ఎక్కువే, కానీ చేతులు ఖాళీ కాలేదు.

5. ముగింపు గీత. కాగితం మీద రెండు పేర్లు రాయండి: ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వనివాళ్లు. మూడో పేరు వద్దు, మూడు రాశారంటే స్టార్‌ను తేలేరు. కింద తేదీ వేసి, ఆ కాగితం తీసి పెట్టుకోండి. మళ్లీ నవంబర్‌లో తెరిచినప్పుడు ఇచ్చిన కుర్రాడి స్కోర్లు చూడొద్దు, గడువు రోజున మీరు రాసుకున్న తేడా ఎన్ని ఆటలో, సీజన్ ముగిసేసరికి అది ఎన్ని ఆటలైందో చూడండి.